బ్యాక్‌టెస్ట్‌లో ఏ షేర్లు పెట్టాలి?

షేరు ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అని చెప్పే రూల్సే ట్రేడింగ్ సిస్టమ్, దాన్ని పాత ధరల మీద నడిపి చూడటమే బ్యాక్‌టెస్ట్. ఎంట్రీ (కొనే చోటు) ఎక్కడ, స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా అమ్మేసే ధర) ఎంత, ఎన్ని రోజులు ఉంచాలి అని వారాల తరబడి కుస్తీ పడతాం గానీ, ఆ సిస్టమ్‌ను ఏ షేర్ల మీద పరీక్షించాలి అన్నదానికి పది నిమిషాలు కూడా కేటాయించం. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇండెక్స్‌లో ఇవాళ ఉన్న షేర్ల లిస్టు దించుకుని, వాటి పాత ధరలు తెచ్చుకుని, బాగా పడిన షేరు కొని కోలుకోగానే అమ్మేసే సిస్టమ్ ఒకటి నడిపించాను. గ్రాఫ్ నిచ్చెన వేసినట్టు పైకి వెళ్లింది. తర్వాత మార్కెట్ నుంచి మాయమైపోయిన షేర్లను కూడా కలిపి, ఒక్క రూలు కూడా మార్చకుండా అదే సిస్టమ్‌ను మళ్లీ నడిపిస్తే ఆ లాభంలో చాలా భాగం ఆవిరైపోయింది. అంటే ఆ లాభం సిస్టమ్ తెచ్చింది కాదు, లిస్టు తెచ్చింది.

ఎందుకంటే ఇవాళ లిస్టులో ఉన్న ప్రతి షేరూ బతికి బట్టకట్టినదే. 2008లో సగానికి పడిపోయిన షేరు ఇంకా ఇండెక్స్‌లో ఉందంటే, తర్వాత అది కోలుకుందని మనకు ముందే తెలిసిపోయినట్టు. కోలుకోనివి మన టెస్టులోకే రావు. అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్‌ను చూడండి: 2000 ఆగస్టులో 90 డాలర్ల దాకా వెళ్లిన షేరు, 2001 డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసేనాటికి ఒక్క డాలరు కూడా పలకలేదు. కిందికి వచ్చే ఆ దారి పొడవునా "పడింది, కొను" అనే సిస్టమ్ ఎన్నిసార్లు కొని ఉండేదో ఊహించుకోండి. ఇవాళ్టి లిస్టుతో పరీక్షిస్తే ఆ నష్టాల్లో ఒక్కటి కూడా కనిపించదు.

గెలిచిన షేర్ల వైపు నుంచీ ఇదే మోసం. టెస్లా అమెరికా పెద్ద కంపెనీల ఇండెక్స్ ఎస్ అండ్ పీ 500లో చేరింది 2020 డిసెంబరు 21న, అప్పటికే ఆ ఒక్క ఏడాదిలో ఎన్నో రెట్లు పెరిగిపోయాక. ఇవాళ్టి లిస్టు పట్టుకుని 2019 నుంచి టెస్ట్ చేస్తే ఆ పెరుగుదలంతా మన ఖాతాలో పడుతుంది, నిజంగా ఇండెక్స్ షేర్లు మాత్రమే కొనేవాడికి ఆ రోజుల్లో టెస్లా అసలు లిస్టులోనే లేదు.

కాబట్టి టెస్టులో ఏ తేదీ దగ్గర ఉంటే, ఆ రోజు సాయంత్రానికి తెలిసిన సమాచారంతో మాత్రమే లిస్టు తయారు కావాలి. దీనికి రెండు దారులున్నాయి. ఇండెక్స్‌లో ఏ షేరు ఏ తేదీన చేరింది, ఏ తేదీన బయటికి వెళ్లింది అనే చరిత్ర మొత్తం సంపాదించి వాడటం ఒకటి. రెండోది, నాకు నచ్చేది, లిస్టును మనమే ఒక రూలుతో తయారు చేసుకోవడం. డీలిస్ట్ అయినవి (ఎక్స్ఛేంజ్ నుంచి తొలగించినవి) సహా అన్ని షేర్లూ తీసుకోండి, ఈటీఎఫ్‌లు, ప్రిఫరెన్స్ షేర్లు, వారెంట్లు లాంటి మామూలు షేర్లు కానివి పక్కన పెట్టండి, ప్రతి నెలాఖరున గత 60 రోజుల్లో రోజుకు ఎంత విలువ ట్రేడ్ అయిందో లెక్కేసి పైనున్న 500 షేర్లను వచ్చే నెలకు వాడండి. ఇక్కడ సగటు కంటే మధ్యస్థం (మీడియన్, వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ) మంచిది, ఏదో ఒక్కరోజు ఒకేసారి భారీగా షేర్లు చేతులు మారే బ్లాక్ డీల్ జరిగినంత మాత్రాన చిన్న షేరు పైకి ఎగబాకదు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ లాగా ఒకే కంపెనీకి రెండు రకాల షేర్లుంటే ఒక్కటే ఉంచండి, లేకపోతే తెలియకుండానే ఒకే కంపెనీ మీద రెట్టింపు డబ్బు పెట్టినట్టవుతుంది.

ధర ఫిల్టర్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త, ఇక్కడ బోల్తా పడిన టెస్టులు నేను చాలా చూశాను. "5 డాలర్ల కంటే తక్కువున్న షేర్లు వద్దు" అనే రూలు చూడటానికి ఏ హానీ లేనిదే. కానీ డేటాలో పాత ధరలను స్ప్లిట్‌లకు (ఒక షేరును కొన్ని షేర్లుగా విడగొట్టడానికి) తగ్గట్టు సర్దుబాటు చేసి ఉంటే? ఆపిల్ 2003 ఏప్రిల్‌లో నిజంగా 13 డాలర్ల పైనే ట్రేడ్ అయింది. ఆ తర్వాత 2005లో ఒకటి రెండుగా, 2014లో ఒకటి ఏడుగా, 2020లో ఒకటి నాలుగుగా విడిపోయింది, అంటే అప్పటి ఒక షేరు ఇప్పుడు 56 షేర్లు. సర్దుబాటు చేసిన చార్టులో ఆనాటి ధర పావు డాలరు దగ్గర కనిపిస్తుంది, మన ఫిల్టర్ దాన్ని చిల్లర షేరు అనుకుని తోసేస్తుంది. సిటీగ్రూప్‌ది దీనికి తలకిందుల కథ. 2009 మార్చిలో ఒక డాలరు దగ్గరికి పడిపోయింది, 2011లో పది షేర్లను ఒకటిగా కలిపారు, దాంతో పాత చార్టులో అది 10 డాలర్ల షేరులా కనిపించి ఫిల్టర్ దాటుకుని లోపలికి వచ్చేస్తుంది. రెండు చోట్లా తర్వాతెప్పుడో జరిగిన సంగతి మన పాత నిర్ణయాన్ని మార్చేసింది. కొను, అమ్ము అనే సిగ్నల్స్‌కు సర్దుబాటు చేసిన ధర వాడండి, ఫిల్టర్‌కు మాత్రం ఆ రోజు బోర్డు మీద కనిపించిన అసలు ధరే వాడండి. ట్రేడ్ అయిన విలువ లెక్కకు కూడా అసలు ధర, అసలు వాల్యూమ్ తీసుకుంటే గొడవే ఉండదు.

డేటా కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఎన్‌రాన్ ఉందా? 2008 సెప్టెంబరు 15న దివాలా తీసిన అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ ఉందా? లేకపోతే అందులో చచ్చిపోయిన షేర్లు లేనట్టే. షేర్లను పేరుతోనో సింబల్‌తోనో (ఎక్స్ఛేంజ్‌లో షేరుకు వాడే పొట్టి పేరు) కాకుండా మారని ఐడీ నంబరుతో గుర్తుపట్టండి, ఎందుకంటే సింబల్స్ మారతాయి (ఫేస్‌బుక్‌ది 2022 జూన్‌లో మారింది), ఒక్కోసారి పాత సింబల్ ఇంకో కంపెనీకి వెళ్తుంది, అప్పుడు రెండు కంపెనీల ధరలు ఒకే చార్టులో అతుక్కుపోతాయి.

చేతిలో ఉన్న షేరు డీలిస్ట్ అయితే ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి. వేరే కంపెనీ కొనేస్తే డబ్బు వస్తుంది, సరే. దివాలా అయితే చివరి ధరకు అమ్మేశామని లెక్క రాయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే, అక్కడ ఆ ధరకు కొనేవాడు దొరకడం కష్టం. పెట్టిందంతా పోయిందనుకుని ఒకసారి నడిపి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు డేటా ఆగిపోగానే ఆ ట్రేడ్‌ను చడీచప్పుడు లేకుండా లెక్కల్లోంచి తీసేస్తాయి, కాబట్టి అలాంటి ట్రేడ్ ఒకటి చేత్తో వెతికి పట్టుకుని నష్టం నమోదైందో లేదో చూసుకోండి.

డీలిస్ట్ అయిన షేర్ల డేటా కొనే స్తోమత లేదా? టెస్టును ఈమధ్య కొన్నేళ్లకే పరిమితం చేయండి, వెనక్కి వెళ్లేకొద్దీ ఈ లోపం పెరుగుతుంది. ఇండెక్స్‌తో పోల్చడం మానేసి, మీ లిస్టులోని షేర్లన్నీ సమానంగా కొని ఊరికే కూర్చుంటే ఎంత వచ్చేదో దానితో పోల్చండి. ఏ సిస్టమూ లేకుండానే దాదాపు అంతే వస్తే మీ రూల్స్ చేసిందేమీ లేదని తెలిసిపోతుంది.

ఇక ఫలితం చూశాక లిస్టు ముట్టుకోవద్దు. "ఈ షేరు తీసేస్తే డ్రాడౌన్ (గరిష్ఠం నుంచి పడిన నష్టం) తగ్గుతుంది కదా" అనే ఆలోచన అందరికీ వస్తుంది, నాకూ వచ్చింది. అందుకే ఇప్పుడు మొదలుపెట్టే ముందే షేర్లను లాటరీ తీసినట్టు రెండు సగాలు చేసి, ఒక సగం మీదే పని చేస్తాను. రెండో సగాన్ని అంతా అయ్యాక ఒకే ఒక్కసారి నడుపుతాను, అక్కడ చతికిలబడితే ఆ సిస్టమ్‌ను అక్కడితో వదిలేస్తాను.