పగుళ్లు పడ్డ పాత కారు టైర్లను ఉంచాలా, మార్చాలా? ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

రాయలసీమలో చాలా ఇళ్ల ముందు ఒక కారు నెలల తరబడి కదలకుండా నిలిచి ఉంటుంది. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగాల్లో ఉంటారు. కారు పండక్కో, పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో మాత్రమే బయటికి వస్తుంది. కొని ఏడేళ్లు దాటినా పెద్దగా తిరిగి ఉండదు. టైర్లు చూస్తే బటన్ (రోడ్డును తాకే గాడుల రబ్బరు) నిండుగానే ఉంటుంది. "అరగలేదు కదా, ఇంకో రెండేళ్లు వస్తాయి" అని ఇంట్లో అందరూ ధీమాగా ఉంటారు. నాకైతే బాగా అరిగిన టైరు కన్నా ఇలాంటి టైరు మీదే అనుమానం ఎక్కువ. అరిగినది కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించదు.

టైరు తిరిగినా తిరగకపోయినా దానికి వయసు పైబడుతుంది. ఎండ, వేడి, గాలిలో కొద్దిగా ఉండే ఓజోన్ కలిసి రబ్బరును గట్టిపరిచి చీలుస్తాయి. దీన్ని అడ్డుకోవడానికే తయారీదారులు రబ్బరులో మైనం, కొన్ని రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగి లేస్తున్నప్పుడు ఆ మైనం పైకి వచ్చి పలుచని పొరలా కాపాడుతుంది. కదలకుండా నిలబెట్టిన కారు టైరుకు ఆ రక్షణ సరిగా అందదు. అనంతపురం, కర్నూలు, కడపల్లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. నీడలేని చోట నిలబెట్టిన కారు టైర్లు కొన్నేళ్లకు ఎండిన చెరువులా నెర్రెలు బారడంలో వింత లేదు. ఏ నెర్రె ప్రమాదం, ఏది కాదు అన్నది తేల్చుకోవడమే అసలు పని.

1. ముందు కడగండి

పొద్దున్నే, కారు చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేల మీద పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. సబ్బునీళ్లతో టైర్లను రెండు వైపులా కడిగి ఆరనివ్వండి. నల్లగా మెరిపించే పాలిష్ ఉంటే అది పూర్తిగా పోవాలి. సన్నని పగుళ్లను అది చక్కగా కప్పేస్తుంది. పాత కారు కొనడానికి వెళ్లినప్పుడు టైర్లు మరీ నిగనిగలాడుతుంటే ఒక తడిగుడ్డ అడగండి.

2. టైరు పుట్టిన తేదీ చదవండి

టైరు పక్క గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం, అంటే జూన్ నెలలో తయారైందన్నమాట. కొన్ని టైర్లకు ఈ అంకెలు ఒకవైపే ఉంటాయి. బయట కనిపించకపోతే స్టీరింగు పూర్తిగా తిప్పి ముందు టైరు లోపలి వైపు టార్చి వేసి చూడండి. వెనక టైర్లకు వంగి చూడాల్సి వస్తుంది. జాకీ మీద లేపిన కారు కిందకు మాత్రం దూరకండి.

నాలుగు టైర్లతో పాటు స్టెప్నీ తేదీ కూడా రాసుకోండి. చాలా కార్లలో స్టెప్నీ కారుతో పాటు వచ్చినదే ఉంటుంది. ఒక్కసారి కూడా రోడ్డు తాకకపోయినా దాని వయసు కారు వయసే.

ఎన్నేళ్లకు మార్చాలి? కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లు అంటాయి. మిషెలిన్ వంటి టైర్ల కంపెనీ ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించమని, పదేళ్లు నిండితే ఎంత బాగున్నా తీసేయమని చెబుతుంది. నా లెక్క ఇది: షెడ్డులో ఉండి ఊళ్లోనే తిరిగే కారుకు కొంత వెసులుబాటు ఇవ్వవచ్చు. ఎండలో నిలబడి, బయలుదేరితే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కే కారుకు ఆరేళ్లే హద్దు.

3. పగుళ్లు ఎక్కడ, ఎంత లోతున ఉన్నాయో చూడండి

ఇక్కడ తొందరపడకండి. టైరును నాలుగు చోట్ల చూడాలి: పక్క గోడ, బటన్ల మధ్య గాడుల అడుగు, రిమ్ముకు ఆనుకునే అంచు, భుజం. బటన్, పక్క గోడ కలిసే భుజం దగ్గర టైరు లోపల ఉక్కు తీగల పట్టీల అంచులు ఉంటాయి. ఆ వరుసలో చుట్టూ సాగే పగులు కనిపిస్తే దాన్ని మిగతా వాటికన్నా తీవ్రంగా తీసుకోండి. లోపలి పట్టీ విడిపోవడానికి అది మొదలు కావచ్చు.

లోతు తెలుసుకోవడానికి వేలిగోరు చాలు. పగులుకు అడ్డంగా గోరు గీయండి. వెంట్రుకలా సన్నగా ఉండి గోరు ఎక్కడా ఆగకపోతే అది పైపొర పగులు. వయసు తక్కువైతే కొంతకాలం నడపవచ్చు, నెలకోసారి చూస్తూ ఉండాలి. గోరు దిగుతోందంటే టైర్ల షాపుకు వెళ్లే సమయం వచ్చింది. బొటనవేళ్లతో పగులు రెండు వైపులా నొక్కి విప్పి చూసినప్పుడు లోపల దారమో ఉక్కు తీగో కనిపిస్తే ఆ టైరుతో షాపు దాకా కూడా వెళ్లకండి. కారు ఉన్నచోటే దాన్ని విప్పి స్టెప్నీ వేయండి.

పక్క గోడ పగుళ్లకు మరమ్మతు లేదు. జిగురు పూసినా, పైన రంగు కొట్టినా లోపలి బలం తిరిగి రాదు. పంక్చర్ వేయదగినది బటన్ మధ్య భాగంలో పడ్డ చిన్న రంధ్రానికి మాత్రమే.

4. ఉబ్బు ఉంటే ఆలోచించే పనే లేదు

పక్క గోడ మీద అరచేయి ఆనించి చుట్టూ తడమండి. ఎక్కడైనా బుడిపెలా బయటికి పొంగి ఉంటే లోపలి దారాలు తెగాయని అర్థం. గుంతలో గట్టిగా పడినప్పుడు, స్పీడ్ బ్రేకరు చూసుకోకుండా ఎగిరినప్పుడు ఇలా అవుతుంది. ఆ టైరు నిన్న కొన్నదైనా తీసేయాల్సిందే. అయితే పైనుంచి కిందకు సన్నగా లోపలికి నొక్కుకున్నట్టు ఉండే గీత చూసి భయపడకండి. ఇప్పటి కార్లకు మామూలుగా ఉండే రేడియల్ టైర్లలో పొరలు ఒకదానిపై ఒకటి కలిసే చోట అలా ఉండడం సహజం.

5. బటన్ ఎత్తు

గాడుల అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. బటన్ అరిగి వాటితో సమానమైతే చట్టం ప్రకారం కూడా ఆ టైరు పని అయిపోయినట్టే.

6. గాలి సంగతి

వేసవిలో మన పంక్చర్ షాపుల్లో తరచూ వినిపించే మాట ఒకటి ఉంది: "ఎండాకాలం కదన్నా, రెండు పాయింట్లు తగ్గించి పడదామా?" వేడికి గాలి వ్యాకోచించి టైరు పగులుతుందన్న భయంతో అనే మాట. మంచి మనసుతోనే అంటారు, కానీ ఫలితం తలకిందులు. గాలి తక్కువైతే పక్క గోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగుతుంది. ఆ వంపే వేడి పుట్టిస్తుంది. పాత పగుళ్లున్న టైరు, మధ్యాహ్నపు రోడ్డు, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, గంటకు వంద వేగం, పైగా తక్కువ గాలి: టైరు పగలడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

డ్రైవర్ తలుపు తెరిస్తే అంచున అతికించిన కాగితం మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. నిండుగా మనుషులు ఎక్కితే ఎంతో కూడా అందులోనే ఉంటుంది. ఆ అంకె చల్లని టైరుకు. కడప నుంచి గువ్వలచెరువు ఘాటు దాటి రాయచోటిలో ఆగి గాలి చూస్తే రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది సహజమే, తగ్గించకండి. నైట్రోజన్ పట్టించినా గాలి చూడడం మానకూడదు. బయట ఎండ చేసే పనిని లోపలి నైట్రోజన్ ఆపలేదు.

7. నడిపి చూడండి

ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 80 వేగంలో స్టీరింగు కొత్తగా వణుకుతోందా, సీటు కింద దడదడ వస్తోందా గమనించండి. బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోకపోతే లోపలి పొర విడిపోతుండవచ్చు. టైరు విప్పించి లోపలి వైపు కూడా చూడమనండి.

ప్రయాణంలోనే టైరు పగిలితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగును రెండు చేతులా తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ నుంచి మెల్లగా కాలు తీసి, వేగం దానంతట అదే తగ్గాక పక్కకు తీయండి.

8. మార్చాలని తేలితే

కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఆ నాలుగు అంకెలు చదవండి. షాపులో రెండు మూడేళ్లు పడి ఉన్నదాన్ని కొత్త ధరకు తీసుకోనక్కర్లేదు. సైజు పాతదే ఉండాలి. బరువు సూచించే అంకె, వేగం సూచించే అక్షరం పాతదానికి తగ్గకూడదు. "తక్కువ వాడినవి" అంటూ సగం ధరకు ఇచ్చే పాత టైర్ల జోలికి వెళ్లకండి. మీ పాత టైర్లు కూడా ఇంకొకరి కారుకు ఎక్కకుండా పక్క గోడ కోయించండి. ఎద్దుల బండికి అడిగితే ఇవ్వండి, దానికి వేగంతో పని లేదు.

డబ్బు చూసుకుని ప్రస్తుతానికి రెండే మార్చితే కొత్తవి వెనక వేయించండి. ముందుకే కొత్తవి అని చాలామంది పట్టుబడతారు గానీ, వెనక పట్టు తప్పితే కారు గిరుక్కున తిరుగుతుంది, దాన్ని అదుపు చేయడం కష్టం. గాలి పట్టే రబ్బరు వాల్వులు కూడా టైరుతో పాటే ముసలివవుతాయి. ఖర్చు తక్కువే కనుక అవీ మార్పించండి. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అయ్యాక, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచిన తర్వాత వీల్ నట్లు ఇంకోసారి బిగింపు చూపించుకోండి.