గోదావరి జిల్లాల నుంచి ఐఈఎస్ రాసేవాళ్లకి

విదేశీ వాణిజ్యం మీద కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తగా పనిచేయాలంటే నేరుగా ఉన్న దారి ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ (ఐఈఎస్). పరీక్ష యూపీఎస్సీది. ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనోమెట్రిక్స్‌లలో ఏదో ఒక పీజీ కావాలి. రాజమండ్రిలో చేసిన ఎం.ఏ. ఎకనామిక్స్ చాలు, ఎం.కాం. కుదరదు. వయసు ఆ ఏడాది ఆగస్టు 1 నాటికి 21 నిండాలి, 30 నిండకూడదు. రిజర్వేషన్ సడలింపులు వేరే. పోస్టులు మరీ తక్కువ: 2024లో 18, 2025లో 12. అందుకే ఆర్‌బీఐ గ్రేడ్ బీలో డీఈపీఆర్ (ఆర్థిక, విధాన పరిశోధన విభాగం) పరీక్ష కూడా రాయండి, సిలబస్ చాలావరకు కలుస్తుంది.

రాతపరీక్ష 1000 మార్కులు, ఇంటర్వ్యూ 200. ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ చెరో వంద. మిగతా నాలుగూ ఎకనామిక్స్ పేపర్లే, ఒక్కోటి 200. జవాబులన్నీ ఇంగ్లిష్‌లోనే రాయాలి. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడ, ఆపైన మొదటి ఎకనామిక్స్ పేపర్లోని లెక్కల్లో. డిగ్రీలో మ్యాథ్స్ లేకపోతే డెరివేటివ్‌లు, మ్యాట్రిక్స్‌లు, రిగ్రెషన్ చేతికొచ్చాకే మిగతావి తెరవండి.

అంతర్జాతీయ వాణిజ్యం రెండో ఎకనామిక్స్ పేపర్లో ఉంటుంది. దీనికి సాధన ఊళ్లోనే చేయొచ్చు. వాణిజ్య శాఖ సైట్‌లో హెచ్ఎస్ కోడ్ (సరుకుని గుర్తించే అంతర్జాతీయ అంకె) కొట్టి ఎగుమతుల లెక్క తీయండి: ఫ్రోజెన్ రొయ్యలకి 030617, బియ్యానికి 100630. మొదటి ఆరంకెలూ ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాతి రెండూ మన దేశానివి. మన ఎగుమతి విలువ ఎఫ్ఓబీ, అంటే ఓడ కిరాయి, బీమా కలపనిది. చాలా దేశాలు దిగుమతిని ఓడ కిరాయి, బీమా కలిపి సీఐఎఫ్‌లో రాసుకుంటాయి. రెండు లెక్కలూ కలవడం లేదని కంగారు పడకండి.

రొయ్యల సైజు చెప్పే కౌంట్ దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. భీమవరం చెరువుగట్టు మీద 30 కౌంట్ అంటే తలతో కిలోకి 30 రొయ్యలు. అమెరికా కొనుగోలుదారు తల తీసిన సరుకుని పౌనుకి, అంటే 453.6 గ్రాములకి, లెక్కేస్తాడు. తల తీస్తే మూడోవంతుకి పైగా బరువు పోతుంది కాబట్టి మన 30 కౌంట్ అక్కడ సుమారు 21, 22 అవుతుంది. ఇది మార్చకుండా రెండు ధరలు పోలిస్తే ఎగుమతిదారు లాభం తప్పుగా వస్తుంది.

ఇప్పుడు సుంకం ఎవరి నెత్తిన పడుతుందో ఒక పేజీలో రాయండి. 2023 ఆగస్టులో ఉప్పుడు బియ్యం ఎగుమతి మీద మనమే 20 శాతం వేశాం. ప్రపంచ బియ్యం ఎగుమతుల్లో మన వాటా 40 శాతం దాకా ఉండేది కాబట్టి, భారంలో మంచి భాగం కొనే దేశాల మీదికే పోతుంది. 2025 ఆగస్టు చివరికి అమెరికా మన సరుకుల్లో చాలావాటి మీద అదనపు సుంకం 50 శాతానికి పెంచింది. అప్పుడు ఈక్వెడార్‌కి 15 శాతమే. రొయ్యల్లో మనకన్నా పెద్ద ఎగుమతిదారు ఈక్వెడార్. కొనేవాడు అటు తిరగగలడు, కాబట్టి దెబ్బ వెనక్కొచ్చి చెరువు ధర మీద పడుతుంది. సిద్ధాంతం ఒకటే, తేడా అంతా ఎలాస్టిసిటీలో, అంటే ధర మారితే కొనుగోళ్లు, అమ్మకాలు ఎంత మారతాయన్న దాంట్లో ఉంది. బొమ్మ గీసి, అంకె వేసి, ఇంగ్లిష్‌లో 35 నిమిషాల్లో పూర్తి చేయండి. వారానికి ఇలాంటివి రెండు చాలు.

సెలెక్టయితే శిక్షణలో ఎక్కువ భాగం ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్‌లో. మొదటి పోస్టింగే వాణిజ్య శాఖలో దొరుకుతుందన్న హామీ లేదు, ఏ మంత్రిత్వ శాఖకైనా వేయొచ్చు.