దుంగల కేబిన్‌లో అడుగు వరస మెత్తబడుతోందా? నేలను తిట్టే ముందు సందులు చూడండి

సమస్య

అమెరికాలో టెనసీ, నార్త్ కరోలినా కొండల్లో గొడ్డలితో చెక్కి కట్టిన పాత కేబిన్. బయటివైపు అడుగు దుంగో, దాని పై దుంగో నల్లబడింది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి నొక్కితే అంగుళం లోపలికి దిగిపోతోంది. సుత్తితో తడితే గట్టి చెక్క ఠక్‌మంటుంది, ఇది డొల్లగా మోగుతోంది.

ఇది కనపడగానే మందు డబ్బా కొనుక్కొచ్చి పూసేస్తారు. చెక్కను తినేది బూజు, బూజును బతికించేది తడి. చెక్కలో తేమ 20 శాతం లోపుంటే అది పెరగదు. 28, 30 దాటితే ఆపడం మీ తరం కాదు. కాబట్టి మందు సంగతి తర్వాత, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో ముందు తేల్చండి.

ఎవరూ చేయని పరీక్ష

జోరువాన పడుతుండగా గొడుగేసుకుని ఇంటిచుట్టూ ఒకసారి తిరగండి. అంతే. ఆకులు నిండిన గటర్ (చూరు అంచున నీళ్ళు పట్టే తొట్టి) ఎక్కడ పొర్లుతోందో, చూరునీళ్ళు నేలను కొట్టుకుని ఏ దుంగ మీదికి చిందుతున్నాయో పావుగంటలో తెలిసిపోతుంది. వాన లేకపోతే గోడ మీది బురద చుక్కలు చూడండి, చిందు ఎంత ఎత్తు వస్తోందో అవే చెబుతాయి. గటర్ శుభ్రం చేయడం, గోడకు ఆనించిన కట్టెల పేర్పు తీసేయడం, అడుగు దుంగకీ మట్టికీ మధ్య కనీసం ఒక అడుగు (12 అంగుళాల) ఎడం వచ్చేలా తవ్వడం, చూరు కింద కంకర పరవడం. వీటికి మేస్త్రీ అక్కర్లేదు.

ఇవన్నీ సరిగ్గానే ఉండి కూడా దుంగ నానుతోందంటే, అసలు దొంగ వేరే ఉన్నాడు.

అసలు దొంగ: సందుల్లో సిమెంటు

దుంగకూ దుంగకూ మధ్య సందును చెక్కపేళ్ళతో, రాళ్ళతో బిగించి పైన పూసే గచ్చును అక్కడ చింకింగ్ అంటారు. పాతకాలంలో అది మట్టి, లేదా సున్నం. ఊడితే మళ్ళీ పూసుకునేవారు. తర్వాత వచ్చినవాళ్ళు 'ఇక మళ్ళీ చూడనక్కర్లేదు' అనుకుని పోర్ట్‌లాండ్ సిమెంటు కొట్టారు.

దుంగ ఊరికే ఉండదు. పది అంగుళాల దుంగ తడికాలంలో ఉబ్బి, పొడికాలంలో తగ్గి, ఏడాదిలో ఒక ఎనిమిదో వంతు అంగుళం దాకా అటూ ఇటూ అవుతుంది. సున్నం గచ్చు ఆ కదలికకు కొంత ఓర్చుకుంటుంది. సిమెంటు ఓర్చుకోదు, అంచు దగ్గర వెంట్రుకవాసి సందు విడుస్తుంది. గోడ మీద జారే నీళ్ళు ఆ సందులో దిగి కింది దుంగ నెత్తిన నిలుస్తాయి. బయటికి ఆరే దారి సిమెంటు మూసేసింది. మన ఊళ్ళలో మట్టిగోడకు సిమెంటు పూత పూస్తే రెండేళ్ళకు అట్టలుగా ఊడటం చూసినవాళ్ళకు ఈ కథ కొత్త కాదు.

దీన్ని పట్టుకోవడం ఇలా. దుంగను కింది అంచు దగ్గర ఒకసారి, పైన గచ్చు ఆనే చోట ఒకసారి గుచ్చండి. కింద గట్టిగా ఉండి పైన దిగబడితే తప్పు నేలది కాదు. వాన వెలిసిన మర్నాడు ఒక అర అడుగు మేర సిమెంటు ఊడదీసి చూడండి. వెనక చెక్క ఇంకా తడిగా, నల్లగా ఉంటే అనుమానం తీరినట్టే. ఈ పరీక్ష చేయకుండా అడుగు దుంగ మార్చితే కొత్త దుంగ కూడా అదే దారిన పోతుంది.

బాగుచేయడం

సిమెంటుకు గ్రైండర్ వాడొద్దు, దుంగ అంచు తెగుతుంది. మధ్యలో ఉలితో పగలగొట్టి ముక్కలను బయటివైపు లాగండి. సిమెంటు చెక్కకు గట్టిగా పట్టుకుని, వెనక చెక్క పొడిగా ఉన్నచోట కదపకండి.

తెరిచిన చోట ఆరనివ్వండి. మెత్తని చెక్క గీకేసి, గోరువెచ్చని నీళ్ళలో బూజును చంపే బోరేట్ పొడి కలిపి రెండుసార్లు పూయండి. 3.8 లీటర్లకు 450 గ్రాములు. పాత వార్నిష్ మీద పూస్తే లోపలికి పోదు. వానకు కరిగి పోతుంది కాబట్టి తడవనివ్వకూడదు.

గచ్చు పాళ్ళు: ఇసుక 4, హైడ్రేటెడ్ సున్నం 1, తెల్ల సిమెంటు పావు. పావు మించొద్దు. పట్టు కోసం పంది వెంట్రుకలు వేస్తారు. గచ్చు నిలవడానికి సందులో లోహపు జాలీ కొడితే ఒక్క దుంగకే కొట్టండి. రెంటికీ కొడితే దుంగ కదిలినప్పుడల్లా గచ్చు చీలుతుంది. ముప్పావు అంగుళం మించి ఒకేసారి పూయకుండా, తడిగోనె కప్పి మూడు నాలుగు రోజులు ఆరిపోకుండా చూడండి. మంచు కురిసే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం వాలు. గచ్చు పై అంచు పై దుంగ కింద లోపలికి ఉండాలి. అక్కణ్ణుంచి బయటికి వాలుతూ వచ్చి, కింది దుంగ బయటి అంచు దగ్గర ముగియాలి. అంటే నీటిబొట్టు ఎక్కడా ఆగకూడదు. స్మోకీ కొండల పాత కేబిన్ల మూలల్లో హాఫ్ డవ్‌టెయిల్ గాడి (దుంగలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా ఏటవాలుగా కోసిన అతుకు) కూడా నీళ్ళు బయటికి జారేలాగే చెక్కి ఉంటుంది. గచ్చు దుంగకు ముందుకు ఉబ్బి ఉందంటే అది నీళ్ళకు కట్టిన అరుగే.

సగానికి పైగా పుచ్చిన దుంగను మార్చాల్సిందే. జాకీతో గోడ ఎత్తే ముందు ఆ గోడలో సిమెంటంతా తీసేయండి, లేకపోతే దుంగలు చీలతాయి. ఒక్కోసారి ఎనిమిదో వంతు అంగుళం చొప్పునే ఎత్తాలి. పాత దుంగ అమెరికన్ చెస్ట్‌నట్ అయితే అదే చెక్క కొత్తది దొరకదు. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ తెగులు ఆ చెట్లను తుడిచిపెట్టేసింది. పాత కొట్టాల నుంచి తీసిన దూలమో, వైట్ ఓకో వాడతారు.

మిగతావి

అర అంగుళం గుండ్రటి బెజ్జాలా? తుమ్మెదలు. సూదిబెజ్జాల నుంచి మెత్తని పొడి రాలితే పురుగు, పొడి రాలకపోతే అది ఎప్పుడో చచ్చి ఉండొచ్చు. ఇవి ఇంటిని కూల్చడం అరుదు.

పాత కేబిన్‌లో తలుపు బిగుసుకుంటే అడుగు దుంగ కుంగిందేమో చూడండి. పచ్చి దుంగలతో కట్టిన కొత్తదైతే ఎనిమిదడుగుల గోడ ఆరేసరికి దాదాపు ఆరు అంగుళాలు దిగుతుంది. గోడ అలా దిగడానికి తలుపు చట్రం పైన వదిలిన ఖాళీలో ఎవరైనా చెక్క దూర్చి మేకు కొట్టారేమో చూసి, అది పీకేయండి.