విదేశంలో హక్కుల లాయర్ కావాలంటే ఎక్కడ వెతకాలి?

'మానవ హక్కుల లాయర్' అని బోర్డు పెట్టుకునేవాళ్లు ఏ ఊళ్లోనైనా తక్కువే. ఆ పేరుతో వెతికితే దొరక్క టెన్షన్ పడతారు. ముందు మీ సమస్య ఏ చట్టం కిందికి వస్తుందో చూసుకోండి. యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా, జీతం ఎగ్గొట్టినా కార్మిక కేసులు చూసే లాయర్ కావాలి. దేశం వదిలి పొమ్మని నోటీసు వస్తే ఇమిగ్రేషన్ లాయర్. పోలీసులు పట్టుకెళ్తే క్రిమినల్ లాయర్. ఇవన్నీ హక్కుల కేసులే, కోర్టులో పేరే వేరు.

తెలిసినవాళ్లను అడిగితే 'మనవాడు ఒకడున్నాడు' అంటారు. పేరు రాసుకోండి, తప్పులేదు. డబ్బు మాత్రం వెంటనే ఇవ్వకండి. లాయర్ల రిజిస్టర్ వాళ్ల వృత్తి సంఘమైన బార్ అసోసియేషన్ దగ్గరో, లా సొసైటీ దగ్గరో ఉంటుంది. చాలా దేశాల్లో దాన్ని ఇంటర్నెట్‌లోనే చూడొచ్చు. అందులో పేరు లేకపోతే అతను ఎంత బాగా మాట్లాడినా వద్దు. అమెరికాలో నోటరీ పని సంతకాలను ధ్రువీకరించడం, అంతే. స్పానిష్ మాట్లాడే దేశాల్లో నోటారియో అంటే లా చదివిన నిపుణుడు. ఈ పేరు పోలికతోనే అక్కడ వలసవచ్చినవాళ్లను బాగా మోసం చేస్తుంటారు. బ్రిటన్‌లో అయితే అర్హతగానీ రిజిస్ట్రేషన్‌గానీ లేకుండా ఇమిగ్రేషన్ సలహాలివ్వడమే నేరం.

ఫీజు భారమైతే ప్రభుత్వ లీగల్ ఎయిడ్ ఉందేమో కనుక్కోండి. లా కాలేజీల క్లినిక్‌లలో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు ఉచితంగా కేసులు చూస్తారు. కార్మిక సంఘాలకూ తెలిసిన లాయర్లుంటారు. శరణు కోరేవాళ్లు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆఫీసులో అడగొచ్చు.

మన ఎంబసీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం, 36వ ఆర్టికల్ ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే పోలీసులు అతని కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలపాలి. కోరితేనే! కాబట్టి నోరు తెరిచి అడగండి. చాలా ఎంబసీలు స్థానిక లాయర్ల జాబితా ఇస్తాయి, ఫీజు మాత్రం మీరే కట్టుకోవాలి. అయితే సొంత ప్రభుత్వానికి భయపడి వచ్చినవాళ్లు లాయర్‌ని కలవకముందే ఎంబసీ గడప తొక్కకూడదని నా అభిప్రాయం.

లాయర్‌ని కలిసేముందు జరిగినదంతా తేదీలవారీగా ఒక పేజీలో రాసుకోండి. కాగితాల కాపీలు తీసుకెళ్లండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. మొదట అడగాల్సింది ఫీజు గురించి కాదు, గడువు గురించి. యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లాలంటే, స్థానిక కోర్టుల తుది తీర్పు తర్వాత ఒకప్పుడు 6 నెలలుండేది, 2022 ఫిబ్రవరి నుంచి 4 నెలలే. కొన్ని నోటీసులకైతే రోజుల్లోనే జవాబివ్వాలి. ఫీజు ఎంతో, అందులో ఏ పనులు వస్తాయో తర్వాత రాతపూర్వకంగా తీసుకోండి.

భాష రాకపోతే దుబాసీని పెట్టమని అడగండి. యజమాని పంపిన మనిషి వద్దే వద్దు. ఇంట్లో గొడవ మీద వెళ్తుంటే భర్తో, బావో తర్జుమా చేయకూడదు. మీ తప్పు ఏదైనా ఉంటే అదీ లాయర్‌కి చెప్పేయండి. క్లయింటు చెప్పింది దాచడం అతని వృత్తి ధర్మం. అవతలివాళ్ల నోట కోర్టులో వింటే అతనేం చేయలేడు.

చివరగా, లాయర్ నంబరు, కాన్సులేట్ నంబరు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. అరెస్టు చేస్తే ముందు తీసుకునేవాటిలో ఫోను ఒకటి.