బూజు ఎంజైమును చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: మూత తెరిచిన లైపేజ్

పోయిన పాఠంలో రైజోమ్యూకర్ మీహై అనే బూజు తయారుచేసే లైపేజ్‌ను (కొవ్వును కోసే ఎంజైమును) పైమాల్‌లో, అంటే అణువుల ఆకారాన్ని తెరమీద తిప్పి చూపే సాఫ్ట్‌వేర్‌లో, తెరిచాం. 269 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో సెరీన్ 144, హిస్టిడిన్ 257, ఆస్పార్టిక్ ఆమ్లం 203 ఎక్కడున్నాయో వెతికి పట్టుకున్నాం. కొవ్వును కోసే పని ఈ మూడింటిదే. చివర్లో మీకొక పని ఇచ్చాను: 'సర్ఫేస్' (అణువు బయటి పైపొర) వేసి, బయటి నుంచి సెరీన్ 144 కనిపిస్తుందేమో చూడమని.

కనిపించి ఉండదు. నేను నేర్చుకునే రోజుల్లో రెండు సాయంత్రాలు ఆ అణువును అన్ని వైపులా తిప్పి చూశాను. ఏ బటన్ తప్పు నొక్కానో అని ఒకటే టెన్షన్. తప్పేమీ జరగలేదు. ఆ ఫైల్‌లో దారి నిజంగానే మూసి ఉంది.

మరి కొవ్వు లోపలికి ఎలా వెళ్తుంది? పులుసు మీద తేలే నూనె చుక్కను గుర్తు తెచ్చుకోండి. నూనె నీళ్లలో కలవదు, ఎంజైమేమో నీళ్లలో ఉంటుంది. రెండూ కలుసుకునేది ఆ చుక్క అంచు దగ్గరే. లైపేజ్‌లు ఆ అంచు దొరికినప్పుడు ఒక్కసారిగా చురుకవుతాయని ప్రయోగాల్లో ముందే తెలుసు. ఎందుకలా అన్నది మాత్రం ఆకారం చూశాకే తేలింది. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1990లో మూసి ఉన్న ఆకారాన్ని, 1991లో తెరిచిన ఆకారాన్ని 'నేచర్' పత్రికలో ప్రచురించారు. ఈ రెంటినీ ఇవాళ పక్కపక్కన కాదు, ఒకదాని మీద ఒకటి పెట్టి చూద్దాం.

ఫైల్ మెనూలో 'గెట్ పీడీబీ'కి వెళ్లి 3టీజీఎల్ తెచ్చుకోండి, తర్వాత 5టీజీఎల్ (పీడీబీ అంటే ప్రోటీన్ల ఆకారాలు దాచే భాండారం, ఇవి అందులోని ఫైళ్ల గుర్తులు). మొదటిది మూసి ఉన్నది. రెండోదానిలో సెరీన్ 144కు ఒక నిరోధకం (ఎంజైము పనిని ఆపే అణువు) అతుక్కుని ఉంటుంది. దాని పేరు హెక్సైల్ ఫాస్ఫోనేట్. ఆరు కార్బన్ల తోక ఉన్న ఈ చిన్న అణువు కొవ్వు ఆమ్లంలా నటించి లోపల ఇరుక్కుపోయింది. ఈ ఆకారాలు తెలిసింది ఎంజైము స్ఫటికాల నుంచే; అది ఇరుక్కోవడం వల్లే తెరిచిన ఆకారం స్ఫటికంలో నిలిచి మనకు దొరికింది.

తెరవగానే రెండూ చెరో చోట పడి ఉంటాయి. కుడివైపు 5టీజీఎల్ వరుసలో 'ఎ' బటన్ నొక్కి, 'అలైన్', 'టు మాలిక్యూల్', 3టీజీఎల్ ఎంచుకోండి. రెండూ వచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. 'హెచ్' బటన్‌తో నీటి అణువులను దాచేయండి, 'ఎస్' బటన్‌తో 'కార్టూన్' చూపించండి. ఒకదానికి బూడిద రంగు, ఇంకోదానికి పసుపు వేయండి.

ఇప్పుడు తొందరపడకుండా చూడండి. మధ్యలో ఉన్న బీటా పట్టీ (పక్కపక్కన పేర్చిన బాణాల్లా కనిపించేది), చుట్టూ ఉన్న హెలిక్స్‌లు (స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు) దాదాపు అచ్చుగుద్దినట్టు కలిసిపోతాయి. ఒక్కచోట మాత్రం బూడిద రంగు ఒకవైపు, పసుపు ఇంకోవైపు విడిపోతాయి. అదే మూత. గొలుసులో సుమారు 82 నుంచి 96 వరకు ఉన్న భాగం, అందులో ఒక పొట్టి హెలిక్స్. ఎన్నిసార్లు చూసినా ఈ చోట నా చేయి మౌస్ మీద ఆగిపోతుంది. ఇంత పెద్ద అణువులో కదిలేది ఇంత చిన్న ముక్క, ఎంజైము పనంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కంటితో చూసింది చాలదు, కొలవాలి. 'విజార్డ్' మెనూలో 'మెజర్‌మెంట్' తీసుకోండి. ట్రిప్టోఫాన్ 88 ఆల్ఫా కార్బన్‌ను (ప్రతి అమైనో ఆమ్లంలో గొలుసు వెన్నులో ఉండే కార్బన్) మొదట బూడిద అణువులో, తర్వాత పసుపు అణువులో నొక్కండి. వచ్చిన దూరాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలో రాసుకోండి (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్). వెంటనే సెరీన్ 144కు కూడా అలాగే కొలవండి. ఈ రెండో కొలత తప్పనిసరి. కదలని చోటును కూడా కొలిస్తేనే, కదిలిందని మనం అన్నది అలైన్‌మెంట్‌లో వచ్చిన పొరపాటు కాదని నమ్మకం కుదురుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. 3టీజీఎల్ స్పష్టత 1.9 ఆంగ్‌స్ట్రామ్‌లు, 5టీజీఎల్‌ది 3. అంకె పెరిగేకొద్దీ చిత్రం మసక. అందుకే అర ఆంగ్‌స్ట్రామ్ తేడా కనిపిస్తే దానికి కథలు అల్లకండి. మూత కదలిక మాత్రం ఈ మసకను దాటి ఎంతో పెద్దది, దాన్ని నమ్మవచ్చు. ఇంకో మాట, మన దగ్గరున్నవి రెండు నిశ్చల చిత్రాలు. మూత ఏ దారిన కదిలిందో ఇవి చెప్పవు.

ఇక మూతలో 85, 88, 89, 92 స్థానాలను ఎంచుకుని నారింజ రంగు వేయండి. ఐసోల్యూసిన్, ట్రిప్టోఫాన్, ఐసోల్యూసిన్, ల్యూసిన్. నాలుగూ నీళ్లంటే గిట్టనివే. మూసి ఉన్నప్పుడు నారింజ రంగు ఎటువైపు తిరిగి ఉందో చూడండి: లోపలికి, సెరీన్ వైపు. తెరిచాక అదే ముఖం బయటికి తిరుగుతుంది. చుట్టూ నీళ్లే ఉంటే అలా తెరిచి ఉండటం ఎంజైముకు కష్టం. ఎదురుగా నూనె ఉంటే ఆ ముఖం నూనెకే ఆనుకుంటుంది, అప్పుడు సులువు. నూనె అంచు దగ్గరే ఎంజైము ఎందుకు చురుకవుతుందన్న ప్రశ్నకు ఆ శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన జవాబు ఇదే. ఇప్పుడు మళ్లీ 5టీజీఎల్‌కు 'సర్ఫేస్' వేసి చూడండి. పోయినసారి మీరు వెతికిన దారి కనిపిస్తుంది.

వచ్చే పాఠానికి 1టీసీఏ తెచ్చి పెట్టుకోండి. అది క్యాండిడా అంటార్కిటికా అనే ఈస్ట్ లైపేజ్ బి, 317 అమైనో ఆమ్లాలు. దానిలో పనిచేసే సెరీన్ 105వది. సర్ఫేస్ వేసి, బయటి నుంచి ఆ సెరీన్ వరకు చూపు వెళ్తుందో లేదో చూడండి. మూత కోసం కూడా వెతకండి. కనిపించింది కనిపించినట్టు నోట్సులో రాయండి, అక్కడి నుంచే మొదలుపెడదాం.