గిటార్ మీద బొమ్మ వేశాక, లక్కర్ కంటే ముందు లక్క

చేత్తో చేసిన చెక్క గిటార్ల మీద అక్రిలిక్ రంగులతో బొమ్మలు వేసేవాళ్లకు ఒక మాట. రంగు ఆరగానే నేరుగా పైపూతగా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ కొట్టకండి. అందులోని థిన్నర్ అక్రిలిక్‌ను మెత్తబరుస్తుంది. అంత ఓపిగ్గా వేసిన సన్నగీతలు అలుక్కుపోతాయి. మధ్యలో లక్క పూత అడ్డుండాలి. మన ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే, ఇక్కడ మాత్రం స్పిరిట్‌లో (ఆల్కహాల్‌లో) కరిగించి వాడాలి.

లక్క పెచ్చులు స్పిరిట్‌లో కరిగాక గాజు సీసాని కదపకుండా ఉంచండి. లక్కలో ఉండే మైనం అడుగుకు దిగాక పైనున్న తేటనే వాడండి. మైనం కలిస్తే పాలీయురెథేన్ లాంటి పైపూతలు సరిగా పట్టవు. స్పిరిట్ కూడా రంగును కొంత కదిలిస్తుంది కాబట్టి మొదటి పూత కుంచెతో రుద్దొద్దు, పలచగా స్ప్రే చేయండి.

విశాఖ గాలిలో తేమ అసలు చిక్కు. లక్కర్‌లో థిన్నర్ ఎగిరేటప్పుడు పైభాగం చల్లబడి, గాలిలో తేమ అక్కడే పడుతుంది. పూత పాలరంగుకు తిరుగుతుంది. అందుకే ముసురు పట్టిన రోజు స్ప్రే గన్ ముట్టుకోకపోవడమే మేలు. ఎండ కాసిన రోజు, గాలి ఆడేచోట, మాస్కు పెట్టుకుని, మంటకు దూరంగా పలచటి పూతలు వేయండి.

అకౌస్టిక్ గిటార్ అయితే ముందుపలక మీద రంగు దట్టంగా వేయకండి, మోత తగ్గుతుంది. తీగలు బిగించే బ్రిడ్జి అతికే చోట టేపు వేసి చెక్కను ఉత్తగానే వదిలేయండి. జిగురు పట్టాల్సింది చెక్కనే, రంగును కాదు.