హ్యూమన్ లీగ్ ‘డేర్’ మీద సమీక్ష రాయాలంటే

సినిమా ఆడియో సమీక్షలా పాటకో పేరా చొప్పున రాసుకుంటూ పోతే ఎలక్ట్రో-పాప్ (ఎలక్ట్రానిక్ వాద్యాలతో కట్టే పాప్) ఆల్బం చేతికి చిక్కదు. సినిమాలో పాట పాటకీ గాయకులూ సన్నివేశమూ మారతాయి కాబట్టి ఆ పద్ధతి చెల్లుతుంది. ఇక్కడ మొదటి నుంచి చివరిదాకా అవే కొన్ని యంత్రాలు (సింథసైజర్లు, డ్రమ్ మెషీన్), అవే గొంతులు. ముందు యంత్రాలేం చేస్తున్నాయో వినండి, విమర్శకులను తర్వాత చదవండి. ఈ వరస తిరగబడితే మీ రాతలో వాళ్ల మాటలే దొర్లుతాయి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరపు బృందం హ్యూమన్ లీగ్ 1981 అక్టోబరులో తెచ్చిన ‘డేర్’ ఇలా సాధన చేయడానికి మంచి ఆల్బం.

మొదట సరైన ప్రతి వెతుక్కోండి. అసలు ఆల్బంలో 10 పాటలే, చివరిది ‘డోంట్ యూ వాంట్ మీ’. ఆ తర్వాత ఏం వినిపించినా రీఇష్యూలో (తర్వాతి మళ్లీ విడుదలలో) చేర్చిందే. 1982 నాటి రీమిక్స్ ఆల్బం ‘లవ్ అండ్ డాన్సింగ్’ కొన్ని రీఇష్యూల్లో దీనితో కలిసి వస్తుంది. రెండూ కలిపి విని ‘సాగదీశారు’ అని రాస్తే ఆ తప్పు బృందానిది కాదు. యాప్‌లో షఫుల్, ఈక్వలైజర్, వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపేయండి. ఫోన్ స్పీకర్లో బేస్ సింథ్ సగం మాయమవుతుంది, మామూలు హెడ్‌ఫోన్లు నయం. 5వ పాట అయ్యాక ఒక నిమిషం ఆగండి. ఎల్పీలో రికార్డు తిప్పేది అక్కడే. రెండో వైపు ‘గెట్ కార్టర్’ అనే చిన్న వాద్య ఖండికతో ఎందుకు మొదలవుతుందో అప్పుడు తెలుస్తుంది.

మొదటిసారి ఏమీ రాసుకోకుండా వినండి. రెండోసారి డ్రమ్స్ మాత్రమే. అసలు పని ఇక్కడే ఉంది. నిర్మాత మార్టిన్ రషెంట్ వాడిన లిన్ ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది. అందులోవి నిజమైన డ్రమ్స్ రికార్డు చేసి చిప్పుల్లోకి ఎక్కించిన శబ్దాలు. కిక్, స్నేర్, హై-హ్యాట్, టామ్‌లు, చప్పట్లు ఉన్నాయిగానీ క్రాష్, రైడ్ సింబల్స్ (పెద్ద తాళాల్లాంటి లోహపు పళ్లేలు) లేవు. సింబల్ మోత చాలాసేపు సాగుతుంది, దాన్ని దాచేంత మెమరీ అప్పట్లో ఖరీదు. మామూలు డ్రమ్మర్ కోరస్ రాగానే సింబల్ మీద కొడతాడు. ఆ సౌకర్యం లేనప్పుడు పల్లవి వచ్చిందని చెవికి ఎలా తెలిసింది? కొత్త సింథ్ వరస చేరిందా, చప్పట్లు పడ్డాయా, డ్రమ్స్ ఒక్క క్షణం ఆగాయా? ప్రతిచోటా నిమిషం, సెకను వేసి రాసుకోండి. ‘డ్రమ్స్ యాంత్రికంగా ఉన్నాయి’ అనే వాక్యం పాఠకుడికి ఏమీ చెప్పదు. ఏ సెకను దగ్గర ఏ శబ్దం అని రాస్తే అతనూ విని మీతో వాదించగలడు.

మూడోసారి గొంతులు: ప్రధాన గాయకుడు ఫిల్ ఓకీ లోతు గొంతు, దాని పక్కన గాయనులు సుసాన్ ఆన్ సల్లీ, జోఆన్ క్యాథరాల్.

ఇక విమర్శకుల దగ్గరికి. దొరికిన సమీక్షలను తేదీ చూసి మూడు కుప్పలు చేయండి: విడుదలప్పటివి, రీఇష్యూలప్పటివి, ‘ఆ దశాబ్దపు గొప్ప ఆల్బంలు’ లాంటి జాబితాలు. చివరి కుప్పను మొదటిదాని పక్కన తేదీ లేకుండా పెట్టడమే ఎక్కువగా జరిగే పొరపాటు. ఆల్బం ఇప్పటికే గెలిచిందని తెలిసి రాసిన మెప్పు వేరు.

సగటు అంకెలతోనూ జాగ్రత్త. సమీక్షలను అంకెలుగా మార్చి సగటు తీసే వెబ్‌సైట్ మెటాక్రిటిక్ 2001లో మొదలైంది, 1981 ఆల్బంకి ఆనాటి స్పందనను అది కొలవలేదు. కొత్త ఆల్బంల విషయంలో అది తీసేది వెయిటెడ్ సగటు (కొన్ని పత్రికలకు ఎక్కువ బరువిచ్చేది), దానికి కనీసం 4 సమీక్షలు కావాలి. 5కి 3 నక్షత్రాలిస్తే అక్కడ 60 అవుతుంది, 40–60 అంటే ‘మిశ్రమం’. ‘బాగానే ఉంది’ అన్న మనిషి పెదవి విరిచినవాళ్లలో కలిసిపోతాడు. అంకె రాసేముందు ఆ సమీక్ష మొత్తం చదవండి.

చార్టు స్థానాన్ని విమర్శ పేరాలో కలపకండి, అది అమ్మకాల సంగతి. కళాకారుడి తీర్పునూ యథాతథంగా నమ్మక్కర్లేదు. ‘డోంట్ యూ వాంట్ మీ’ని సింగిల్‌గా వదలడం ఓకీకి ఇష్టం లేదు, వాళ్ల రికార్డు కంపెనీ వర్జిన్ పట్టుబట్టి వదిలింది. అది బ్రిటన్‌లో ఆ ఏడాది క్రిస్మస్‌కి, 1982లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

స్పందన గురించి రాసే పేరాలో ప్రతి మాటకీ పత్రిక పేరు, సంవత్సరం ఉండాలి. మెచ్చనివాళ్ల మాట ఒక్కటైనా ఉండాలి, వాళ్లు ఎందుకు మెచ్చలేదో కూడా.